అద్దె కుర్చీ

హైదరాబాదు చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం గేటు తెరవకముందే బయట బ్యాగుల వరస మొదలవుతుంది. మనుషులు టీ బండి దగ్గర ఉంటారు, వాళ్ల వంతుకు బ్యాగులు నిలబడతాయి. గేటు తెరిచాక నడక కాస్తా పరుగవుతుంది. ఫ్యాను కింద, ప్లగ్గు పక్కన, గోడకు వీపు ఆనే చోట ముందు నిండుతాయి. ఒకడు పాలిటీ పుస్తకం పడేసి చోటు ఆపుతాడు, ఇంకొకడు నీళ్ల సీసా పెడతాడు, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు. కాసేపట్లో హాలు నిండిపోతుంది, మిగిలినవాళ్లు ఆవరణలో చెట్ల కింద సర్దుకుంటారు. ఆ దారిన రోజూ వెళ్లేవాళ్లకు ఇది కళ్లు తిప్పి చూడాల్సిన సంగతేమీ కాదు. అయితే ఉద్యోగ పరీక్షలకు చదివే వీళ్లలో చాలామందికి రూమ్ ఉంది. అశోక్‌నగర్‌లోనో, గాంధీనగర్‌లోనో నలుగురు కలిసి తీసుకున్న గది. అందులో నాలుగు పరుపులు, ఒక కరెంటు కుక్కర్, తలుపు వెనక మేకులకు వేలాడే ప్యాంట్లు, కిటికీ గట్టు నిండా పుస్తకాలు. లైబ్రరీకి మోసుకొచ్చేవి ఆ పుస్తకాలే. మరి గదిలోనే కూర్చొని చదవొచ్చుగా?

లైబ్రరీలో చోటు దొరకనివాళ్ల కోసం, దొరుకుతుందన్న నమ్మకం లేనివాళ్ల కోసం చుట్టుపక్కల సందుల్లో స్టడీ హాళ్లు వెలిశాయి. కరెంటు స్తంభాలకు అంటించిన కాగితాల మీద వాటి వైభవం ఉంటుంది: ఏసీ, నాన్ ఏసీ, వైఫై, లాకరు, మినరల్ వాటర్, సీసీ కెమెరా, 24 గంటలు. లోపల ప్లైవుడ్ చెక్కలతో విడదీసిన గళ్లు. గడికొక కుర్చీ, మోచేతులు పట్టేంత బల్ల, ఒక లైటు, ఒక ప్లగ్గు, కళ్లకు ఎదురుగా ఖాళీ చెక్క. ఆ చెక్క ఎన్నాళ్లో ఖాళీగా ఉండదు. ముందు టైం టేబుల్ వస్తుంది, తర్వాత భారతదేశ పటం, ఆ తర్వాత రంగు కాగితాల మీద రాజ్యాంగ అధికరణలు. గదికి అద్దె కట్టి, కుర్చీకి మళ్లీ విడిగా అద్దె కట్టే ఈ లెక్కను ఊళ్లో ఉన్న తండ్రికి ఫోన్లో చెప్పి ఒప్పించడం తేలిక కాదు. రూములో కుర్చీ వేసుకోలేవా అని ఆయన అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రూములో నిద్రొస్తుంది నాన్నా అంటాడు కొడుకు. అదీ న్యాయమే. ఈ రెండు న్యాయాల మధ్య ఇరుక్కున్న సందేహం ఒకటి ఈ వ్యాసకర్తను చాలాకాలంగా వదలడం లేదు. చదవాలన్న కోరిక లోపలిదే అయితే, దానికి బయట ఒక చెక్క గడి ఎందుకు కావలసి వచ్చింది? కుర్చీతో పాటు ఇంకేదో కూడా అద్దెకు తెచ్చుకుంటున్నారా?

గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో తన ఐదు సూత్రాలను పుస్తకంగా వెలువరించారు. పుస్తకాలున్నది వాడటానికేనని మొదటిది చెబుతుంది, చదివేవాడి సమయం మిగల్చమని నాలుగోది. గ్రంథాలయం ఊళ్లో ఎక్కడుండాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి వంటివన్నీ ఆయన ఆ సూత్రాల నుంచే రాబట్టారు. అంత ముందుచూపున్న మనిషి కూడా పుస్తకాన్నే మధ్యలో పెట్టుకొని ఆలోచించారు. తన పుస్తకం తనే తెచ్చుకొని, బీరువాల వైపు తల తిప్పకుండా, కుర్చీ కోసమే వచ్చే పాఠకుడు ఆ లెక్కలో ఎక్కడ ఇముడుతాడో చెప్పడం కష్టం. ఆ పాఠకుడికి కావలసింది బహుశా పక్కవాడు. తల దించుకొని పేజీ తిప్పుతున్న పక్కవాడు. వాడు లేవకపోతే వీడూ లేవడు.

పక్కవాడి మహిమ మీద శాస్త్రవేత్తలు చాలా దూరమే వెళ్లారు. 1969లో అమెరికాలో రాబర్ట్ జాయన్స్, ఆయన సహచరులు కలిసి బొద్దింకల్ని పరిగెత్తించారు. ఒక చివర వెలుతురు, ఇంకో చివర చీకటి. వెలుతురు పడని బొద్దింక చీకటి వైపు పారిపోవాలి. దారి పక్కన పారదర్శకమైన పెట్టెల్లో ప్రేక్షకులుగా మరికొన్ని బొద్దింకల్ని కూర్చోబెట్టారు. దారి తిన్నగా ఉన్నప్పుడు, తోటి బొద్దింకలు చూస్తుంటే ఇది ఇంకా వేగంగా పరిగెత్తింది. దారిలో మలుపు పెట్టి, ఎటు తిరగాలో తేల్చుకోవలసి వచ్చేసరికి ఆ ప్రేక్షకుల వల్లే ఆలస్యం చేసింది. అంటే వచ్చిన పని నలుగురిలో చురుగ్గా సాగుతుంది, ఇంకా రానిది నలుగురిలో తడబడుతుంది. ప్రిలిమ్స్‌కు బిట్లు బట్టీ పట్టడానికి హాలు మంచిదే, మెయిన్స్‌కు సొంత వాక్యాలతో వ్యాసం రాయడం నేర్చుకోవాలంటే మాత్రం ఒంటరి గది నయమేమో. బొద్దింకల్ని పట్టుకొని గ్రూప్-1 మెయిన్స్ దాకా రావడం అతి అనిపించవచ్చు. నిజానికి కొంచెం అతే. అయినా సీనియర్లు కొందరు ప్రిలిమ్స్ అయ్యాక హాలు మానేసి రూముకు మారిపోవడం చూస్తే, జాయన్స్ గుర్తుకు రాకుండా ఉండడు.

కోచింగ్ సెంటర్లలో మొదటి రోజు చెప్పే కథ అర్జునుడిది. చెట్టు కనిపించలేదు, కొమ్మ కనిపించలేదు, పిట్ట కన్ను ఒక్కటే కనిపించింది. లక్ష్యం ఉంటే చాలు, చుట్టూ ఏముందన్నది అనవసరమని నీతి. అదే భారతంలో ఏకలవ్యుడి కథ ఇంకో సంగతి చెబుతుంది. అతను అడవికి వెళ్లి మట్టితో ద్రోణుడి బొమ్మ చేసుకొని, దాని ఎదుట సాధన చేశాడు. గురువు లేని చోట గురువు ఉన్నట్టు చోటును సిద్ధం చేసుకున్నాడన్న మాట. అర్జునుడికి ఆ అవసరం రాలేదు. నిజమైన ద్రోణుడే ఎదుట నిలబడి ఉన్నాడు, చెట్టు ఉంది, పిట్ట ఉంది, రాజుగారి ఖర్చుతో నడిచే శిక్షణ ఉంది. అన్నీ అమర్చి ఉన్నవాడికి అమరిక కనపడదు. పిట్ట కన్నొక్కటే కనపడిందంటే అందులో అర్జునుడి గొప్పతనం ఎంత, అమర్చిపెట్టినవాళ్ల గొప్పతనం ఎంత?

పట్టుదల గురించి మనం మాట్లాడుకునే తీరులో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. ఉన్నవాళ్లకు ఉంటుంది, లేనివాళ్లకు లేదు, అది పుట్టుకతో వచ్చిన సొత్తు అన్నట్టు మాట్లాడతాం. వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ పిల్లలతో చేసిన పరీక్షకు లోకంలో ఆ పేరే వచ్చింది: కాసేపు ఆగగలిగితే ఇష్టమైన తినుబండారం దొరుకుతుంది, ఆగలేకపోతే అంత ఇష్టం లేనిదానితో సరిపెట్టుకోవాలి, ఆగగలిగిన పిల్లలే జీవితంలో నెగ్గుతారు. ఆ చివరి ముక్క తర్వాతి పరిశోధనల్లో చాలా పలచబడింది. 1970లో ఎబ్బిసన్‌తో కలిసి ఆయన ప్రకటించిన వ్యాసంలో మాత్రం ఇంకో సంగతి ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తినుబండారాలు రెండూ కళ్లెదుట ఉన్నప్పుడు పిల్లలు సగటున ఆగింది ఒక్క నిమిషం. రెండూ కనపడకుండా చేసినప్పుడు 11 నిమిషాలకు పైగా ఆగారు. ఇంత తేడా పిల్లల గుణంలోంచి రాలేదు, పళ్లెం ఎక్కడుందన్న దానిలోంచి వచ్చింది.

రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త తన ఇంట్లో జరిగిన జీడిపప్పు కథ చాలాచోట్ల చెప్పుకున్నారు. తోటి ఆర్థికశాస్త్ర విద్యార్థుల్ని భోజనానికి పిలిచి, వంట అయ్యేలోగా ఒక గిన్నె నిండా జీడిపప్పు పెట్టారట. చూస్తుండగానే సగం ఖాళీ. ఇలాగైతే భోజనం చేయలేరని గిన్నె తీసి వంటింట్లో దాచేశారు. అందరూ థాంక్స్ చెప్పారు. వెంటనే, ఆర్థికశాస్త్రం చదువుతున్నవాళ్లు కాబట్టి, వాదన మొదలైంది: ఉన్న ఎంపికను తీసేస్తే మనం సంతోషించడం ఏమిటి, మన సిద్ధాంతం ప్రకారం అది కుదరదు కదా! ఆ ఆలోచనల దారిలోనే నడిచి 2017లో ఆయన నోబెల్ అందుకున్నారు. పలాసలో ఏ ఇల్లాలిని అడిగినా గిన్నె ఎందుకు దాచాలో చెప్పేది, నోబెల్ మాత్రం ఇచ్చేవారు కాదు.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల కథ ఇంత సరదాగా ఉండదు. అక్కడ ఉన్నప్పుడు ప్రతి ఐదుగురిలో ఒకరు హెరాయిన్‌కు బానిసయ్యారని 1971 ప్రాంతంలో తేలింది. వీళ్లంతా ఇంటికొచ్చి ఏం చేస్తారోనని ప్రభుత్వం వణికింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి పట్టుకొని, పరీక్షలు చేసి, ప్రశ్నలడిగి తేల్చిందేమంటే, అలా బానిసైనవాళ్లలో తిరిగొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ ఆ ఊబిలో పడింది నూటికి ఐదుగురు. చాలామంది చికిత్స కూడా తీసుకోలేదు. యుద్ధం లేదు, ఆ తోటివాళ్లు లేరు, అంత చవగ్గా సరుకు దొరికే చోటు లేదు. ఆమె లెక్కల్ని మొదట్లో చాలామంది నమ్మలేదు. మనిషి మారకుండా చోటు మారితే చాలదని మనకెవరికి మాత్రం అనిపించదు?

ఇక్కడ కొంచెం ఆగి జేబులు తడుముకోవాలి. చోటు మారిస్తే చాలు మనిషి మారిపోతాడని అమ్ముడుపోయే పుస్తకాలు కుప్పలు. అందులో కొంత సరుకు నకిలీ అని కూడా బయటపడింది. చిన్న పళ్లెంలో తింటే తక్కువ తింటారు, గిన్నె దూరంగా పెడితే సన్నబడతారు అంటూ కార్నెల్ విశ్వవిద్యాలయంలో పేరు తెచ్చుకున్న బ్రయాన్ వాన్సింక్ పరిశోధనల్లో లెక్కలు కుదరలేదు. 2018లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలు ఒక్కసారే ఆయన వ్యాసాలు ఆరింటిని వెనక్కి తీసుకున్నాయి, ఆయన ఉద్యోగం వదులుకున్నారు. కాబట్టి బల్ల తూర్పుకు తిప్పితే ర్యాంకు వస్తుందని చెప్పేవాడికీ, చిన్న పళ్లెం కొంటే నడుము తగ్గుతుందని చెప్పేవాడికీ మధ్య గీత మనం అనుకున్నంత మందంగా లేదు. ఇంకో అనుమానం కూడా ఉంది. సర్దుకోవడంలో ఒక సుఖం ఉంది, అది చదువులో లేదు. టైం టేబుల్‌కు స్కేలుతో గీతలు గీసి, ఉదయం పూటకు ఆకుపచ్చ, సాయంత్రానికి ఎరుపు రంగు వేసి గోడకు అంటించిన రోజు ఎంతో పని అయినట్టుంటుంది. పేజీ ఒక్కటీ తిరగలేదు. ఫోను దూరంగా పెట్టమంటారు, సరే. పాఠం యూట్యూబ్‌లో, నోట్సు టెలిగ్రామ్‌లో, నోటిఫికేషన్ కమిషన్ వెబ్‌సైట్‌లో, నమూనా పరీక్ష యాప్‌లో ఉన్నవాడు దాన్ని ఎంత దూరం పెట్టగలడు? గిన్నెను వంటింట్లో దాచవచ్చు. అన్నమూ జీడిపప్పూ ఒకే గిన్నెలో ఉంటే ఏం చేస్తారో థేలర్‌గారు చెప్పలేదు.

ఇన్ని సందేహాల మధ్య కూడా గట్టిగా నిలబడే ఉదాహరణ ఒకటి మన దగ్గరే ఉంది. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ చుట్టుపక్కల కొండల నుంచి సంతలకు దిగివచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. నేర్చుకోవాలనిపించింది. పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, నేర్పే బడి లేదు. అప్పుడాయన చేసిన పని, తెలుగు వచ్చిన ఒక సవరను తన ఇంట్లోనే పెట్టుకోవడం. భాష దగ్గరకు తను రోజూ వెళ్లలేడు, బడి ఉద్యోగం ఉంది. కనుక భాషనే ఇంటికి తెచ్చుకున్నాడు. బడి నుంచి వచ్చి చొక్కా విప్పేలోగా పాఠం మొదలయ్యే ఏర్పాటు అది. కొండజాతి మనిషిని బ్రాహ్మణ కుటుంబం ఇంట్లో ఉంచుకోవడమంటే ఆ కాలంలో ఇరుగుపొరుగు ఏమని ఉంటారో, వంటింట్లో ఏ సర్దుబాట్లు జరిగి ఉంటాయో ఊహించుకోవలసిందే. ఆ ఇంట్లో పెరిగిన కొడుకు సీతాపతి కూడా తర్వాత సవర భాషా పండితుడయ్యాడు. గాలికి అబ్బిందంటే ఇదేనేమో. సెలవుల్లో రామమూర్తి కొండలెక్కి సవర పల్లెల్లో తిరిగారు. మన్యం జ్వరాలకు క్వినైను మింగారు, దాని వల్ల వినికిడి పోయింది. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మొదటిది వచ్చేనాటికి ఆయన వయసు 68. ఈ పని నడుమే, చెవులు వినపడని ఆ మనిషే జనం నోటి తెలుగు కోసం, వాడుక భాష కోసం, పండితులతో జీవితాంతం పోట్లాడారు.

ఇందులో చెక్క గడి పాత్ర ఎంత, పట్టుదల పాత్ర ఎంత అని తూచి చెప్పగలిగేవాళ్లెవరు? ఇంట్లో ఒక మనిషిని పెట్టుకోవడం తెలివైన అమరిక. అర్ధ శతాబ్దం పాటు దాన్ని వదలకపోవడానికి అమరిక ఒక్కటే చాలి ఉండదు. అయితే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. రామమూర్తి తనకు ఏది ముఖ్యమో కాగితం మీద రాసుకొని గోడకు అంటించలేదు. ఇంట్లో ఎవరు పడుకుంటారు, పళ్లెం ఎవరి ముందు పడుతుంది, జీతంలో ఎంత ఎటు పోతుంది అన్నవాటిని మార్చారు. ముఖ్యమైనదేదో అక్కడ తెలిసింది.

విక్టర్ హ్యూగో కథ ఇలాంటి చోట అందరూ చెబుతారు. 1830లో ప్రచురణకర్తకు ఇచ్చిన గడువు మీద పడుతుంటే, బయటికి వెళ్లే బట్టలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, ఒంటికి పెద్ద ఉన్ని శాలువా లాంటిది తగిలించుకొని, కొత్త సిరాబుడ్డి ముందు కూర్చొని నవల రాశాడు. 1831లో నోటర్‌డామ్ నవల వచ్చింది. తిండికీ నిద్రకూ తప్ప బల్ల దగ్గర నుంచి లేవలేదట. బాగుంది. ఈ సంగతి లోకానికి ఎలా తెలిసిందంటే, ఆయన భార్య అదేల్ రాసిన పుస్తకం వల్ల. ఆ ఏడాది జులైలోనే ఆమె ప్రసవించింది, అంతకుముందే ముగ్గురు పిల్లలు. హ్యూగో తాళం వేసుకున్న ఇంట్లో చంటిబిడ్డతో కలిపి నలుగురు పిల్లలున్నారన్న మాట. వాళ్ల ఏడుపు ఆ బల్ల దాకా రాకుండా ఎవరు చూశారు? తిండికి లేచాడంటున్నారు, ఆ తిండి సంగతి ఎవరు చూశారు? బీరువా తాళం గురించి చెప్పేవాళ్లు ఈ ప్రశ్న అడగరు.

అడిగితే మన ఇళ్లూ కదులుతాయి. పిల్లవాడు పదో తరగతిలోకి రాగానే కేబుల్ కనెక్షన్ తీయించడం, టీవీ మీద దుప్పటి కప్పడం చాలా ఇళ్లలో నడిచిన ఆచారం. ఈ వ్యాసకర్త ఎరిగిన ఒక ఇంట్లో అలాగే కప్పారు. పిల్లవాడి చదువు కోసమే, కాదనలేం. ఆ టీవీ ముందు సాయంత్రాలు గడిపేది మాత్రం నాయనమ్మ. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని ఆవిడకు సాయంత్రం సీరియల్ ఒక్కటే బయటి లోకం. ఆవిడను ఎవరూ అడగలేదు, ఆవిడా ఏమీ అనలేదు. చుట్టాలు రావద్దన్నారు, పెళ్లిళ్లకు తల్లి ఒక్కతే వెళ్లొచ్చింది, చెల్లెలు సంగీతం సాధన వంటింట్లోకి మారింది, ఆనక మానేసింది. ఏడాది తర్వాత వాడికి మంచి మార్కులొచ్చాయి, వాడి పట్టుదలను అందరూ మెచ్చుకున్నారు. ఒకరి లక్ష్యం చుట్టూ ఇల్లు సర్దుకోవడమంటే, మిగతావాళ్ల చిన్న చిన్న లక్ష్యాల్ని అటకెక్కించడమే తరచుగా జరిగే పని. స్వయంసహాయక పుస్తకాలు పరిసరాలు అంటాయి గానీ, పరిసరాల్లో సగం మనుషులే.

అటకెక్కించిన చోటు నుంచే లేచి వచ్చిన మనిషి గురించి కూడా చెప్పాలి. బండారు అచ్చమాంబ 1874లో పుట్టారు, చిన్ననాటనే మేనమామతో పెళ్లయింది. బడి ముఖం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట్లో ఉండి చదువుకునేవాడు. దీపం అతని కోసం వెలిగింది, పుస్తకం అతని కోసం వచ్చింది. ఇంటి పని ముగించుకొని ఆమె ఆ దీపం పక్కన కూర్చునేది. అలా కూర్చొని కూర్చొని నేర్చుకుంది. 1901లో ఆమె రాసిన అబలా సచ్చరిత్ర రత్నమాల అచ్చయింది, మరుసటి ఏడాది ధనత్రయోదశి కథ వచ్చింది. 1905లో ఆమె పోయారు, ముప్పై రెండో ఏడు కూడా నిండలేదు. తన కోసం ఎవరూ సర్దని చోటులో, ఇంకొకరి కోసం సర్దిన దానిలో ఓ అంచు పట్టుకొని కూర్చోవడం, ఇదీ ఒక రకం అమరికే. మెచ్చుకోబోతే నోరు రాదు. ఆ దీపం ఆమె కోసమే వెలిగి ఉంటే ఇంకెంత రాసేదో కదా అనే ఆలోచన అడ్డం పడుతుంది. అశోక్‌నగర్‌లో ఇప్పటికీ హాస్టల్ గేటు మూసే వేళ లెక్కపెట్టుకొని, అబ్బాయిలు రాత్రి చదువుకు టీ తాగి వచ్చే సమయానికి పుస్తకాలు సర్దుకొని లేచే అమ్మాయిల్ని చూస్తే ఆ ఆలోచన నూట పాతికేళ్ల నాటిదని అనిపించదు.

ఇన్నీ సర్దుకున్నాక, సర్దుబాటులో లేని సంగతి ఒకటుంది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చింది. మూడున్నర లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకు బయటపడి ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనే తీసేసి 563 ఉద్యోగాలతో కొత్తది ఇచ్చారు, జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్. ఈ రెండేళ్లూ చిక్కడపల్లి కుర్చీలో కూర్చున్నవాడు తన వైపు నుంచి చేయగలిగినదంతా చేసి ఉండవచ్చు. ఫోను లాకర్లో పెట్టాడు, పెళ్లి వాయిదా వేశాడు, పండక్కి ఊరికి వెళ్లలేదు, నాలుగింటికి లేచాడు. తాళం ఇంకెవరి చేతిలోనో ఉన్న గది నుంచి కాగితం బయటికి పోయింది. ఏకలవ్యుడు మట్టిబొమ్మను ఎంత చక్కగా చేసుకున్నా, బొటనవేలు అడిగినవాడు మట్టివాడు కాదు.

అందుకని సర్దుకోవడం వృథా అంటే అదీ తప్పే. రద్దయిన పరీక్షకు చదివిన చదువు రద్దు కాదు, వాళ్లలో చాలామంది అదే కుర్చీ నుంచి వేరే పరీక్షలు రాసి కానిస్టేబుళ్లో, టీచర్లో, గ్రూప్-4 ఉద్యోగులో అయ్యారు. ఈ వ్యాసకర్త తేల్చుకున్నది ఒకటే, అది కూడా సగం అనుమానంతో: పట్టుదల అనేది చాలామందికి లోపల నిలవ ఉండే సరుకు కాదు, రోజూ బయట నుంచి తెచ్చుకునేది. పక్కవాడి వంచిన తల నుంచి, పొద్దున తెరుచుకునే గేటు నుంచి, కనపడకుండా దాచిన గిన్నె నుంచి. అది అలాంటిదే అయితే, నీకు పట్టుదల లేదు అని ఒకరిని అనే ముందు, నీకు కుర్చీ ఉందా అని అడగాలి.

ఒకప్పుడు మనవాళ్లు ఈ ప్రశ్న అడిగారు. అక్క పక్కన దీపం కింద చదువుకున్న ఆ లక్ష్మణరావే 1901లో మరికొందరితో కలిసి హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. అది మొదట రావిచెట్టు రంగారావుగారి ఇంట్లోనే నడిచింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు బెజవాడలో సభ పెట్టి గ్రంథాలయ సంఘం కట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కాలువ పడవ మీద గ్రంథాలయం పెట్టారు. పడవ ప్రయాణం నిదానం, జనానికి వేరే పని లేదు; అలా ఖాళీగా కూర్చున్న మనిషి చేతికి పుస్తకం అందితే చదువుతాడని ఆయన లెక్క. థేలర్ పుట్టకముందే గిన్నె ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి.

ఆ ఉద్యమాల ఫలితంగానే 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పిల్లవాడి స్టడీ హాలు అద్దె పంపిస్తున్న ఊళ్లోని తండ్రి కూడా కడుతున్నాడు. వసూలైన ఆ సొమ్మును పురపాలికలు, పంచాయతీలు గ్రంథాలయ సంస్థలకు వేళకు జమ చేయవన్న ఫిర్యాదు పాతదే. ఈసారి ఇంటి పన్ను రసీదు చేతికొచ్చినప్పుడు ఆ పద్దు వెతకండి. ఆ పైసలు మీ ఊరి లైబ్రరీకి చేరాయా, చేరితే ఎన్ని కుర్చీలయ్యాయి, రాత్రి ఎన్నింటి దాకా తెరిచి ఉంచుతున్నారు, ఆ వేళ దాకా అమ్మాయిలు కూర్చొని క్షేమంగా ఇంటికి చేరే వీలుందా అని మీ కౌన్సిలర్నో, సర్పంచినో నిలబెట్టి అడగండి.